నా రాత ఇప్పుడు ఎక్కడుంది? కంప్యూటర్ పదాల గురించి ఒక తెలుగు మాస్టారి ప్రశ్నలకు సమాధానం

మాస్టారూ, నమస్కారం.

ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పదవీ విరమణ చేశాక, మీ అమ్మాయి కొనిచ్చిన ల్యాప్‌టాప్‌లో ఒక శతకానికి వ్యాఖ్య రాసుకుంటూ, పూర్తయిన భాగాలను ఎప్పటికప్పుడు పుణేలో ఉన్న ఆమెకు పంపాలని అనుకుంటున్నట్టు రాశారు. దుకాణంలో చెప్పిన 8 జీబీ, 512 జీబీ రెండూ మెమరీయే అయినప్పుడు రెండు లెక్కలు ఎందుకని, వైఫై, ఇంటర్నెట్, గూగుల్, క్రోమ్ అన్నవి పర్యాయపదాలా అని, పదిహేనేళ్ల కిందట ప్రెస్సులో కంపోజు చేయించిన మీ వ్యాసం ఇప్పుడు మీ తెరమీద అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలుగా ఎందుకు కనిపిస్తోందని, క్లౌడ్ అంటే ఏమిటని, ఏయే మాటల దగ్గర జాగ్రత్తగా ఉండాలని అడిగారు. వీటికి విడివిడిగా నిర్వచనాలు రాసి ఇవ్వడం తేలికే కానీ, అలా ఇస్తే మీకు అక్కరకు రావని నా అనుభవం చెబుతోంది.

నేను 22 ఏళ్లుగా ఒక చిన్న పట్టణంలో కంప్యూటర్ ప్రాథమిక పాఠాలు చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు, చిన్న వ్యాపారులు ఎక్కువ. మొదటి కొన్నేళ్లు నేనూ సీపీయూ అంటే ఇది, ర్యామ్ అంటే ఇది అని రాయించి వల్లె వేయించాను. చక్కగా వల్లె వేసినవారే, తాము టైపు చేసిన అర్జీ కనిపించడం లేదంటూ మరునాడు వచ్చేవారు. ఒకసారి రెండు గంటలపాటు కూర్చుని టైపు చేసినది కరెంటు పోగానే మాయమైతే, ఒక పెద్దావిడ "ఇంతసేపూ నేను రాసింది ఎక్కడుంది, ఇప్పుడు ఎక్కడికి పోయింది?" అని నన్ను నిలదీశారు. ఆవిడ అడిగినదే సరైన ప్రశ్న అని నాకు అప్పుడు తోచింది. కంప్యూటర్, ఇంటర్నెట్ పదాల్లో ఎక్కువ భాగం 'ఎక్కడ' అన్న ప్రశ్నకు జవాబులే. కాబట్టి మీరు రాసే ఒక పద్య వ్యాఖ్యను మీ వేలికొస నుంచి మీ అమ్మాయి తెర దాకా వెంబడిద్దాం. దారిలో ఏ పదం ఎదురైతే దాని దగ్గర కాసేపు ఆగుదాం.

ముందు యంత్రం సంగతి. తెర, కీబోర్డు, లోపలి పలకలు, ఇలా చేతితో తాకగలిగినదంతా హార్డ్‌వేర్. ఆ యంత్రం ఏం చేయాలో చెప్పే ఆజ్ఞల సముదాయం సాఫ్ట్‌వేర్. మన దగ్గర బల్లకింద పెట్టుకునే పెట్టె మొత్తాన్ని సీపీయూ అనడం అలవాటైపోయింది. నిజానికి సీపీయూ అన్నది ఆ పెట్టెలోపల ఉండే ఒక చిన్న చిప్పు పేరు, దాన్నే ప్రాసెసర్ అని కూడా అంటారు. మీ ల్యాప్‌టాప్‌లో అది కీబోర్డు కింద ఎక్కడో దాగి ఉంటుంది. లెక్క కట్టడం, రెండింటిని పోల్చడం, ఒకచోట ఉన్నదాన్ని మరొకచోటికి చేర్చడం దాని పని. మీ రాతను దాచి ఉంచడం దాని పని కాదు, అది వేరే భాగాలది. మీ మొదటి ప్రశ్న అక్కడే పుట్టింది.

చీరల కొట్టుకు వెళ్లినప్పుడు జరిగేది గుర్తుచేసుకోండి. గోడల పొడుగునా అరల్లో వేల చీరలు మడతపెట్టి ఉంటాయి. మీరు అడిగిన నాలుగైదింటిని తీసి, తెల్లటి పరుపుమీద విప్పి చూపిస్తారు. బేరమంతా ఆ పరుపుమీదే జరుగుతుంది. అరలో మడతపెట్టి ఉన్న చీరకు కొంగు ఎలా ఉందో చూడలేం. పరుపు ఎంత విశాలంగా ఉంటే ఒకేసారి అన్నేసి చీరలు పరవవచ్చు, అది నిండిపోతే కొన్ని మడిచి తీసేదాకా కొత్తది విప్పడానికి చోటుండదు. మీ యంత్రంలో ఆ అరల పేరు స్టోరేజ్, అది 512 జీబీ. ఆ పరుపు పేరు ర్యామ్, అది 8 జీబీ. మీరు ఒక ఫైలును తెరిచారంటే అరలో ఉన్నదాన్ని పరుపుమీదికి తెప్పించారన్నమాట. ఒకేసారి ఇరవై పేజీలు తెరిచి పెట్టుకుంటే యంత్రం మందగించేది పరుపు ఇరుకైనందువల్లే తప్ప, అరలు నిండినందువల్ల కాదు. ఫోన్లు అమ్మేవారు అరలను మెమరీ అని, పరుపును ర్యామ్ అని పిలుస్తారు, కంప్యూటర్ పుస్తకాల్లో ర్యామ్‌నే మెమరీ అంటారు. అందువల్ల 'మెమరీ' అనే మాటను పక్కన పెట్టి, స్టోరేజ్, ర్యామ్ అన్న రెండు మాటలే వాడుకోవడం మంచిది.

ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది, మీరు గట్టిగా గుర్తుంచుకోవలసిన చోటు కూడా అదే. పరుపుమీదికి వచ్చేది అసలు చీర, ర్యామ్‌లోకి వచ్చేది మాత్రం నకలు. కరెంటు ఆగిన మరుక్షణం ర్యామ్ ఖాళీ అయిపోతుంది. మీరు టైపు చేస్తున్న వ్యాఖ్య తెరమీద కనిపిస్తున్నా, అది ఇంకా పరుపుమీదే ఉంది. దాన్ని అరలోకి చేర్చడమే 'సేవ్' చేయడం. ఆ పెద్దావిడ రాత పోయింది అందుకే. మీది ల్యాప్‌టాప్ కనుక కరెంటు పోయినా బ్యాటరీ ఆదుకుంటుంది, కానీ ఆ బ్యాటరీ అయిపోయినా, ప్రోగ్రాము బిగుసుకుపోయినా గతి అదే. కొన్ని ప్రోగ్రాములు తమంతట తామే అప్పుడప్పుడు సేవ్ చేస్తుంటాయి. అయినా ఒక పాదానికి తాత్పర్యం రాయగానే కంట్రోల్ మీటను నొక్కిపట్టి ఎస్ నొక్కే అలవాటు చేసుకోండి.

అరలు కూడా రెండు రకాలు. పాత యంత్రాల్లో ఉండే హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరుగుతుంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, అందుకే అది చప్పుడు చేయదు, చాలా వేగంగా పనిచేస్తుంది.

ఇక జీబీ అంటే ఎంత అన్నది. కంప్యూటర్‌కు తెలిసిన గుర్తులు సున్న, ఒకటి అనే రెండే. అలాంటి ఒక గుర్తు బిట్, ఎనిమిది బిట్లు ఒక బైట్. వెయ్యి బైట్లు కేబీ, వెయ్యి కేబీలు ఎంబీ, వెయ్యి ఎంబీలు జీబీ, వెయ్యి జీబీలు టీబీ. ఇంగ్లీషు అక్షరం ఒక బైట్‌లో ఇమిడిపోతుంది. తెలుగు అక్షరాలను దాచే వాడుక పద్ధతిలో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు గుర్తులు ఉన్నాయి కనుక 18 బైట్లు. పేజీకి రెండువేల గుర్తుల చొప్పున 500 పేజీల వ్యాఖ్య రాసినా, అక్షరాల మట్టుకు లెక్కిస్తే మొత్తం 3 ఎంబీ, అంటే ఫోనుతో తీసిన ఒక్క ఫోటో అంత. మీ జీవితకాలపు రచన మొత్తం పెట్టినా ఆ అరల్లో ఒక మూలకు కూడా సరిపోదు. ఇంకొక మాట: తయారీదారులు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తారు కాబట్టి మీ 512 జీబీ తెరమీద 476 జీబీగా కనిపిస్తుంది. చూసి, దుకాణదారు మోసం చేశారని అనుకోకండి.

సేవ్ చేసేటప్పుడు యంత్రం మిమ్మల్ని రెండు అడుగుతుంది: ఏ పేరుతో, ఎక్కడ. పేరుపెట్టి దాచిన ఒక్కొక్క రచన ఫైలు, ఫైళ్లను ఉంచే సంచి ఫోల్డర్. ఫైలు పోయిందని నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఫైలు ఎక్కడికీ పోయి ఉండదు; 'ఎక్కడ' అన్న రెండో ప్రశ్నను చదవకుండా సరేనని నొక్కి ఉంటారు. 'శతక వ్యాఖ్య' అని ఒక ఫోల్డర్ చేసుకుని, పద్యం సంఖ్య, తేదీ కలిపి ఫైళ్లకు పేర్లు పెట్టండి. పేరు చివర చుక్క తరువాత కనిపించే డాక్స్, పీడీఎఫ్, జేపీజీ వంటి తోకను ఎక్స్‌టెన్షన్ అంటారు, ఆ ఫైలు ఏ జాతిదో అది చెబుతుంది. డాక్స్‌లో దిద్దుబాట్లు సులువు. పీడీఎఫ్ అచ్చుపేజీ లాంటిది, ఎవరి యంత్రంలో తెరిచినా ఒకే రూపంలో కనిపిస్తుంది. తెరమీద బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటే అది షార్ట్‌కట్, అంటే ఫైలు కాదు, ఫైలు దగ్గరికి దారి చూపే పలక. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రెస్సుకు వెళ్లి, అక్కడ ఏమీ తెరుచుకోక తిరిగొచ్చినవారు నాకు తెలుసు.

విండోస్, వర్డ్ రెండూ ఒకటే అనుకోవడం కూడా మామూలే. యంత్రాన్ని మేలుకొలిపి, ర్యామ్‌ను, స్టోరేజ్‌ను, తెరను, కీబోర్డును సమన్వయపరిచే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్, లైనక్స్, మ్యాక్ ఓఎస్, ఫోన్లలో ఆండ్రాయిడ్ అలాంటివి. దాని పంచన ఉండి ఒక్కొక్క పని చేసిపెట్టేవి అప్లికేషన్లు, క్లుప్తంగా యాప్‌లు. వర్డ్ ఒక యాప్, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కూడా యాపే. అప్‌డేట్ అంటే తయారీదారు పంపే సవరణ. అందులో కొత్త సొగసులకన్నా కన్నాలు పూడ్చే పనే ముఖ్యం, కాబట్టి వాయిదా వేయకండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ యంత్రం కొత్తది కనుక విండోస్ 11 ఉండి ఉంటుంది, అయినా ఒకసారి చూసుకోండి. ఏదైనా మొరాయించినప్పుడు షట్‌డౌన్ కన్నా రీస్టార్ట్ ఎక్కువ పనిచేస్తుంది. విండోస్‌లో షట్‌డౌన్ చేసినప్పుడు, త్వరగా లేవడం కోసం, వ్యవస్థ తన స్థితిలో కొంత భాగాన్ని దాచుకుని పడుకుంటుంది. రీస్టార్ట్ మాత్రం అన్నిటినీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

ఇప్పుడు మీ పాత వ్యాసం సంగతి. ఇది నాకు ఇష్టమైన విషయం, మీకూ నచ్చుతుంది కనుక కాస్త వివరంగా చెబుతాను. యంత్రానికి అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్న ఒప్పందమే ఎన్‌కోడింగ్. ఆ అంకెను తెరమీద ఏ ఆకారంలో గీయాలో చెప్పేది ఫాంటు. తెలుగు ముద్రణాలయాల్లో ఏళ్ల తరబడి వాడిన అను వంటి ఫాంట్ల పద్ధతిలో తెలుగుకు ప్రత్యేకమైన అంకెలు లేవు. ఇంగ్లీషు అక్షరాలకు, చిహ్నాలకు కేటాయించిన అంకెల దగ్గరే తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కల బొమ్మలను అమర్చారు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో అది తెలుగుగా కనిపిస్తుంది. అది లేని మీ యంత్రం అదే అంకెలకు ఇంగ్లీషు అక్షరాలు గీస్తోంది. మీ వ్యాసం చెడిపోలేదు, దాని వేషం ఊడిందంతే.

వేర్వేరు భాషల లిపులన్నిటికీ ఉమ్మడి ఎన్‌కోడింగ్‌గా 1991లో వెలువడిన యూనికోడ్ ఈ ఇబ్బందిని తొలగించింది. అందులో తెలుగుకు 128 గడులున్న సొంత వరుస ఉంది. 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093, ప్రపంచంలో ఏ యంత్రంలోనైనా సరే. పండితులుగా మీకు సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. యూనికోడ్ మన అక్షరాన్ని రాసే క్రమంలో కాక పలికే క్రమంలో దాస్తుంది. 'స్త్రీ' అన్నది యంత్రంలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తుల వరుసగా ఉంటుంది. తవత్తు, రవత్తు ఎక్కడ వేలాడాలో నిర్ణయించే పని ఫాంటుది. మన వ్యాకరణం సంయుక్తాక్షరాన్ని విడదీసి చూపే తీరు ఇదే కదా. మీ పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే మార్చాక ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి ఒకసారి ప్రూఫు చూసుకోక తప్పదు.

టైపు చేయడానికి విండోస్ సెట్టింగ్స్‌లోని భాషల జాబితాలో తెలుగును చేర్చుకుని, విండోస్ మీటను పట్టుకుని స్పేస్‌బార్ నొక్కితే భాష మారుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగుతో రాస్తే తెలుగుగా మారే ఫొనెటిక్ పద్ధతి ఒకటి, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక అమరిక ఒకటి. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. ఇంగ్లీషు టైపింగ్ అలవాటు లేని మీవంటివారికి నేను ఇన్‌స్క్రిప్ట్‌నే చెబుతాను. రెండు వారాలు కష్టపడితే, ఆ తరువాత తెలుగు మాటను మనసులో ఇంగ్లీషులోకి మార్చుకునే శ్రమ ఉండదు.

ఇక మీ రాత గడప దాటాలి. వైఫై, ఇంటర్నెట్ ఒకటి కావు. మీ ఇంట్లో దీపాలు మిణుకుమంటూ గోడకు వేలాడే పెట్టె రౌటర్. ల్యాప్‌టాప్ నుంచి ఆ పెట్టె దాకా, గాలిలో రేడియో తరంగాల రూపంలో ఉన్న నాలుగు బారల దారి మాత్రమే వైఫై. అక్కడి నుంచి తీగ వెంట బీఎస్ఎన్ఎల్, ఏపీ ఫైబర్‌నెట్, జియో వంటి సేవాసంస్థ దగ్గరికి, దాని నుంచి మిగతా ప్రపంచానికి ఉన్న దారి ఇంటర్నెట్. అందుకే వైఫై గీతలు నిండుగా ఉన్నా "నెట్ రావడం లేదు" అనే పరిస్థితి వస్తుంది. వీధి చివర తీగ తెగి ఉండవచ్చు, మీ ఇంట్లో దారి మాత్రం బాగానే ఉంది. ఇక్కడా 'ఎక్కడ' అని అడిగితే, ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. వేగం లెక్కలో ఒక చిక్కుంది. ప్యాకేజీలో 40 ఎంబీపీఎస్ అన్నప్పుడు ఆ 'బీ' బైట్ కాదు, బిట్. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 5 ఎంబీ. అంటే 100 ఎంబీ ఫైలు తెచ్చుకోవడానికి ఎంత లేదన్నా 20 సెకన్లు పడుతుంది.

ఇంటర్నెట్, వెబ్ కూడా పర్యాయపదాలు కావు. ఇంటర్నెట్ రహదారి, వెబ్ దాని మీద తిరిగే ఒక రకం వాహనం, ఈమెయిల్ మరో రకం. 1969లో అమెరికాలో ఆర్పానెట్ పేరుతో నాలుగు కంప్యూటర్లతో మొదలైన అనుసంధానం, 1983 జనవరి 1న ఇప్పుడు మనం వాడుతున్న సంభాషణ నియమాలకు మారింది. వేర్వేరు నెట్‌వర్కులు, అంటే కంప్యూటర్ల అల్లికలు, ఒకే భాషలో మాట్లాడుకునే వీలు అప్పటినుంచే కలిగింది. వెబ్‌ను టిమ్ బెర్నర్స్ లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో 1989లో ప్రతిపాదించారు. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందినది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వరంగ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా. ఖండాల మధ్య ఈ సమాచారం ఉపగ్రహాల ద్వారా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. అత్యధిక భాగం సముద్రం అడుగున వేసిన గాజు తీగల గుండా వెళ్తుంది, ముంబయి, చెన్నై తీరాల్లో అవి మన నేలమీదికి వస్తాయి.

వెబ్ పేజీలను తెచ్చి చూపించే యాప్ పేరు బ్రౌజర్. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ బ్రౌజర్లు. వీటిలో ఏదో ఒకటి మీ యంత్రంలోనే ఉంటుంది. గూగుల్ సెర్చ్ మీ యంత్రంలో లేదు. అది దూరాన ఉన్న ఒక వెబ్‌సైటు, ఏ విషయం ఏ పేజీలో ఉందో వెతికిపెట్టే సెర్చ్ ఇంజిన్. క్రోమ్‌ను తయారుచేసింది కూడా గూగులే కావడంతో ఈ గందరగోళం పెరిగింది. తెర పైభాగాన ఉన్న పొడవాటి గడిలో పూర్తి చిరునామా రాస్తే బ్రౌజర్ నేరుగా అక్కడికే వెళ్తుంది, ఉత్త మాటలు రాస్తే సెర్చ్ ఇంజిన్ ఫలితాలు చూపిస్తుంది. ఈ తేడా డబ్బుకు సంబంధించినది. ఫలితాల్లో అన్నిటికన్నా పైన వచ్చేవి చాలాసార్లు ప్రకటనలు, వాటిపైన స్పాన్సర్డ్ అని చిన్నగా రాసి ఉంటుంది. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం సెర్చ్‌లో వెతికి దొంగ నంబరుకు ఫోన్ చేసి నష్టపోయినవారు నా విద్యార్థుల్లోనే ఇద్దరున్నారు. ఆ నంబరును పాసుపుస్తకం మీదో, కార్డు వెనకో చూసుకోండి.

వెబ్ చిరునామాను చదవడం మీకు నేను చెప్పేకన్నా మీరు నాకు చెప్పగలిగే విద్య. తత్పురుష సమాసంలో ఉత్తరపదార్థానికే కదా ప్రాధాన్యం; రాజభటుడు రాజు కాడు, భటుడే. వెబ్ చిరునామా కూడా అంతే. మొదట్లో హెచ్‌టీటీపీఎస్, దాని వెంట రెండు ఏటవాలు గీతలు ఉంటే వాటిని వదిలేసి, ఆ తరువాత మొదటి ఏటవాలు గీత వచ్చేదాకా ఉన్న భాగాన్ని తీసుకుని, కుడి చివర నుంచి ఎడమకు చదవాలి. చివర 'డాట్ గవ్ డాట్ ఇన్' ఉంటే అది భారత ప్రభుత్వ వ్యవస్థలకు మాత్రమే ఇచ్చే పేరు. మొదట మీ బ్యాంకు పేరు ఎంత స్పష్టంగా ఉన్నా, చివర మరేదో పేరు, డాట్ కామ్ ఉంటే ఆ స్థలం ఆ మరేదో పేరుగలవారిది, బ్యాంకుది కాదు. ఈ మోసాన్ని అరికట్టడానికి రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'తో ముగిసే చిరునామాలకు మారాలని ఆదేశించి, ఆ ఏడాది అక్టోబరు 31ని గడువుగా పెట్టింది. ఆ పేర్లను నమోదుచేసే ఏకైక సంస్థ మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ. ఇక చిరునామా మొదట్లో కనిపించే హెచ్‌టీటీపీఎస్‌లోని ఎస్, దారిలో మీ మాటలను మూడో వ్యక్తి చదవలేడని మాత్రమే చెబుతుంది. అవతల కూర్చున్నవాడు మంచివాడని చెప్పదు. దొంగ సైటుకూ ఆ ఎస్ ఉండవచ్చు. తాళం బొమ్మను చూసి జనం పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ దాన్ని చిరునామా గడినుంచి తీసేసింది.

హోటల్లో మనం అడిగినది తెచ్చిపెట్టేవారిని సర్వర్ అంటాం. అడిగిన పేజీని, ఉత్తరాన్ని, ఫోటోను అందించే కంప్యూటర్ కూడా సర్వరే. ప్రభుత్వ సేవల కేంద్రంలో "సర్వర్ డౌన్" అని చెబితే, అక్కడి కౌంటర్‌లోని యంత్రం చెడిందని అర్థం కాదు, సమాచారం ఉన్న దూరపు కంప్యూటర్ బదులు పలకడం లేదని అర్థం. మీ దగ్గరి నుంచి సర్వర్‌కు పంపడం అప్‌లోడ్, అక్కడి నుంచి మీ అరల్లోకి తెచ్చుకోవడం డౌన్‌లోడ్. తెరమీద చదివినంతమాత్రాన డౌన్‌లోడ్ అయినట్టు కాదు.

క్లౌడ్ అన్న మాట ఇంజినీర్ల బొమ్మల నుంచి వచ్చింది. నెట్‌వర్కు పటం గీసేటప్పుడు, తమ పరిధిలో లేని బయటి భాగాన్ని వివరంగా గీయకుండా మబ్బు ఆకారంలో చూపేవారు. ఆకాశంలో ఏమీ లేదు. మీ ఫైలు క్లౌడ్‌లో ఉందంటే మరొక సంస్థవారి డేటా సెంటర్‌లో, నేలమీద కట్టిన భవనంలో, వరుసగా పేర్చిన సర్వర్ల స్టోరేజ్‌లో ఉందని అర్థం. అమెజాన్ సంస్థ అలాంటి కేంద్రాల సముదాయాన్ని 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలోనే ప్రారంభించింది. గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చే 15 జీబీ ఇలాంటి చోటే. అయితే అది ఉత్తరాలకు, ఫైళ్లకు, ఫోటోలకు కలిపి ఇచ్చిన ఉమ్మడి స్థలం. ఒక హెచ్చరిక చేయాలి. మీ ఫోల్డర్‌ను క్లౌడ్‌తో జోడించడాన్ని సింక్ అంటారు. సింక్‌లో ఒకచోట తుడిచేస్తే రెండోచోటా చెరిగిపోతుంది. బ్యాకప్ అంటే విడిగా దాచిన మరో ప్రతి. నెలకొకసారి మీ వ్యాఖ్య ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా బీరువాలో పెట్టండి.

జాగ్రత్తగా ఉండవలసిన మాటలు కొన్నే. సైన్ అప్ అంటే కొత్త ఖాతా తెరవడం, సైన్ ఇన్ అంటే ఉన్న ఖాతాలోకి వెళ్లడం. ఈ రెండూ తెలియక ప్రతిసారీ కొత్త ఖాతా తెరిచి, అయిదు ఖాతాలు పోగేసుకున్నవారున్నారు. పాస్‌వర్డ్ మీరు ఎంచుకున్న రహస్యం, ఒక్కొక్క చోటికి ఒక్కొక్కటి ఉండాలి, ఈమెయిల్ పాస్‌వర్డ్ మరెక్కడా వాడకూడదు. ఓటీపీ ఒక్కసారికే పనికొచ్చే రహస్యం. ఎంత పెద్ద అధికారినని చెప్పినా ఫోన్‌లో అడిగినవారికి చెప్పకండి. యూపీఐ పిన్ మీ ఖాతా నుంచి డబ్బు పంపడానికి, నిల్వ చూసుకోవడానికి. డబ్బు పుచ్చుకోవడానికి దానితో పనిలేదు, కాబట్టి "మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అన్న మాట అబద్ధం. ఎక్స్‌టెన్షన్ గురించి ఇందాక చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. వాట్సాప్‌లో చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో పేరుతో వచ్చి ఏపీకే అని ముగిసే ఫైలు కాగితం కాదు, ఫోన్‌లో చొరబడే యాప్. తెరవకండి. ఒకవేళ డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరికి ఉత్తరం. ఈమెయిల్ వెబ్ కన్నా పాతది, 1971లో రే టామ్‌లిన్‌సన్ మనిషి పేరుకు, యంత్రం పేరుకు మధ్య 'ఎట్' గుర్తు పెట్టారు. ఆ గుర్తు లేకుంటే అది ఈమెయిల్ చిరునామా కాదు. టూ అన్న గడిలో మీ అమ్మాయి చిరునామా రాయండి. సీసీ అంటే కార్బన్ కాపీ, టైపుమిషను రోజుల్లో నీలి కాగితం పెట్టి తీసిన ప్రతి పేరే అది. ఆ గడిలో రాసినవారికీ ప్రతి వెళ్తుంది, ఎవరెవరికి వెళ్లిందో అందరికీ కనిపిస్తుంది. బీసీసీలో రాసిన పేరు మిగతావారికి కనిపించదు. కాగితపు పిన్ను బొమ్మను నొక్కి మీ ఫైలును జతచేస్తే అది అటాచ్‌మెంట్, జీమెయిల్‌లో దానికి పరిమితి 25 ఎంబీ. అక్షరాలే ఉన్న మీ వ్యాఖ్యకు ఆ హద్దు ఎన్నడూ అడ్డురాదు.

మీరు పంపు మీటను నొక్కాక ఆ వ్యాఖ్య ఎక్కడెక్కడ ఉంటుందో చూడండి. మీ ల్యాప్‌టాప్ స్టోరేజ్‌లో ఒకటి, మెయిల్ సంస్థ సర్వర్‌లో మీరు పంపిన ఉత్తరాల కింద ఒకటి, మీ అమ్మాయికి వచ్చిన ఉత్తరాల కింద ఒకటి, ఆమె డౌన్‌లోడ్ చేసుకుంటే ఆమె యంత్రంలో ఒకటి. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని వేర్వేరు ప్రతులు. తాళపత్ర ప్రతుల మధ్య పాఠాంతరాలు ఎలా పుట్టాయో మీకు బాగా తెలుసు. రేపు మీరు మీ ప్రతిలో ఒక అరసున్న దిద్దినా ఆమె ప్రతిలో అది మారదు. దిద్దినదాన్ని పేరులో తేదీ మార్చి మళ్లీ పంపండి, పాతదాన్ని పక్కన పెట్టమని ఉత్తరంలో ఒక వాక్యం రాయండి.